ఏది వదులుకోవాలి?

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక పుత్తూరు, శ్రీహరికోట ఒకే జిల్లాలోకి వచ్చాయి. పోటీలో ఇంజినీర్లు డిజైన్‌ను ఎలా తేల్చుకుంటారో చూడాలంటే పుత్తూరు విద్యార్థి జిల్లా దాటనక్కర్లేదు. చిన్న ఉపగ్రహాలను మోసే రాకెట్ల కోసం శ్రీహరికోట తీరాన రెండు ప్రైవేటు బృందాలు పోటీ పడుతున్నాయి. హైదరాబాద్ స్కైరూట్ ఘన ఇంధనాన్ని పట్టుకుంది, చెన్నై అగ్నికుల్ ద్రవ ఇంధనాన్ని పట్టుకుంది. ఏది గొప్పదని మనం వెంటనే అడుగుతాం. అడగాల్సింది అది కాదు. దేన్ని వదులుకుని నిలబడగలమన్నదే పోటీలో ఉన్నవాళ్లకు అసలు ప్రశ్న.

ఘన ఇంధన మోటారు ఒకరకంగా తారాజువ్వే. పంపులుండవు, కదిలే భాగాలు తక్కువ, నింపి సిద్ధంగా ఉంచుకోవచ్చు. కానీ ఒకసారి అంటుకుంటే ఆర్పలేం. పైగా మండించి పరీక్షించిన మోటారు మళ్లీ ఎగరడానికి పనికిరాదు. స్కైరూట్ ఈ నష్టానికి ఒప్పుకుంది. 2022 నవంబరు 18న దాని విక్రమ్-ఎస్, 545 కిలోల ఘన ఇంధన రాకెట్, 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. కక్ష్య కోసం రూపొందించిన విక్రమ్-1లో కింది మూడు దశలూ ఘనమే, పైన మాత్రం ద్రవ ఇంజిన్లు. ఉపగ్రహాన్ని కచ్చితమైన చోట వదలాలంటే ఆపి వెలిగించే వీలుండాలి మరి. అగ్నికుల్ లెక్క వేరు. త్రీడీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేసిన ఇంజిన్, కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. నేల మీద మండించి చూసిన ఇంజిన్నే ఎగరేయొచ్చు. అందుకు బదులుగా సులువును వదులుకోవాలి: మైనస్ 183 డిగ్రీల ద్రవం, వాల్వులు, లీకులు. నాలుగుసార్లు ప్రయోగం ఆగిపోయి, 2024 మే 30న అయిదోసారికి దాని రాకెట్ ఎగిరింది. ఆగడాన్ని పరాజయం అనుకునేవాళ్లు ఉంటారు. నాకైతే అవి నాలుగు మంచి నిర్ణయాలు.

స్కైరూట్‌ది ఇస్రో నడిచిన పాత బాటే కదా అనొచ్చు. నిజమే, 1980లో గెలిచిన ఇస్రో రాకెట్ ఎస్ఎల్‌వీ-3లో నాలుగు దశలూ ఘనమే. అయితే స్కైరూట్ ఉక్కు తొడుగు బదులు కార్బన్ ఫైబర్ తొడుగు వేసి బరువు తగ్గించుకుంది. మిగతా చోట్ల పాత బాటలో ఉండటం తప్పేమీ కాదు: అన్నీ ఒకేసారి కొత్తగా పెడితే, చెడినప్పుడు దోషం ఎక్కడుందో వెతకడానికే ఏళ్లు పడుతుంది.

పోటీ తొందరపెడుతుంది, తొందర కొంప ముంచుతుందన్నది ఇంకా బలమైన ఆక్షేపణ. కానీ తలమీద పోటీ కత్తి అంతగా వేలాడని ఇస్రోకూ 2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో దెబ్బ తగిలింది. రెండో దశ విడిపోతున్నప్పుడు పుట్టిన అదురు కొద్ది క్షణాలే. ఆ కాస్తలోనే కంప్యూటరు బాగున్న సెన్సర్లను చెడిపోయాయని తీర్మానించింది. ఉపగ్రహాలు 356 x 76 కిలోమీటర్ల కక్ష్యలో పడి దక్కకుండా పోయాయి. ఇంధనంలో తప్పు లేదు. సెన్సర్‌ను ఎప్పుడు నమ్మకూడదో ఎవరో ముందుగా రాసిపెట్టిన హద్దులో ఉంది తప్పు. విడదీసే పద్ధతినీ ఆ తర్కాన్నీ మార్చాక, 2023 ఫిబ్రవరి 10న అదే రకం రాకెట్ గెలిచింది.

ప్రభుత్వ సంస్థకున్నన్ని అవకాశాలు ప్రైవేటు కంపెనీకి ఉండవు, డబ్బు ముందే అయిపోతుంది. ఈ మాటకు నా దగ్గర ఎదురు సమాధానం లేదు. అందుకే, వదులుకున్న దారిని, దాన్ని వదిలిన కారణాన్ని కాగితం మీద పెట్టడం వాళ్లకు మరింత అవసరం. పుత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు ఒక మనవి: ఈ ఏడాది ప్రాజెక్టు రిపోర్టుల్లో, విద్యార్థులు ఎంచుకోని డిజైన్ గురించి ఒక పేజీ రాయించండి, దానికీ మార్కులు వేయండి.