పొద్దుకు వీపు తిప్పి

సూర్యాస్తమయం ఫొటో అనగానే నీళ్లలో సగం మునిగిన ఎర్రటి బింబమే గుర్తొస్తుంది. అది గోవావాళ్లకీ కేరళవాళ్లకీ దక్కిన భాగ్యం. మనకి సముద్రం తూర్పున ఉంది. విశాఖలో పొద్దు కొండల వెనక్కి దిగిపోతుంది. ఆర్కే బీచ్‌లో ఫోన్లెత్తిన జనం ఊరివైపు తిరిగి, అపార్ట్‌మెంట్లతో సహా ఆకాశాన్ని తీసుకుంటారు. నేను మాత్రం ఆ వేళ పొద్దుకు వీపు తిప్పి సముద్రం వైపే నిలబడతాను.

పొద్దు గుంకిన కాసేపటికి, ఆకాశం తేటగా ఉంటే, నీటి అంచున బూడిదనీలం పట్టీ ఒకటి లేస్తుంది. చూసినవాళ్లు మబ్బనుకుంటారు. నిజానికది మనం నిలబడ్డ భూమి నీడ, గాలిలో పడి పైకి పాకుతోంది. దానిమీద గులాబీ చార. ఫొటోగ్రాఫర్లు దాన్ని వీనస్ బెల్ట్ అంటారు. పావుగంటలో రెండూ చీకట్లో కలిసిపోతాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ గులాబీని రంగు దోషమనుకుని చప్పగా మార్చేస్తుంది. డేలైట్‌లో పెట్టుకోవాలి.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంకో వరం ఉంది. సముద్రం మీద జల్లు, పడమట ఎండ: రెండూ కుదిరితే హరివిల్లు నీళ్లమీదే. పొద్దు 42 డిగ్రీల కంటే పైనుంటే నేలమీదున్నవాళ్లకి అది కనబడదు. పొద్దు దిగేకొద్దీ విల్లు లేస్తుంది, గుంకేముందు దాదాపు అర్ధవృత్తమవుతుంది. అప్పటికి వెలుగు గాలిలో చాలా దూరం వచ్చి ఉంటుంది కాబట్టి నీలం, ఆకుపచ్చ దారిలోనే చెదిరిపోతాయి. ఒక్కోసారి మిగిలేది ఎర్ర విల్లొక్కటే.

ఇక్కడ పోలరైజర్‌తో జాగ్రత్త. విల్లు నడినెత్తికి గురిపెట్టి ఫిల్టర్ తిప్పండి: ఒకచోట రంగులు చిక్కబడతాయి, ఇంకో పావు చుట్టు తిప్పితే విల్లే మాయం. వైడ్ లెన్స్‌తో మొత్తం పట్టాలనుకుంటే మరీ చిక్కు. నెత్తి చిక్కబడితే కాళ్లు పోతాయి, కాళ్లు నిలబెడితే నెత్తి పోతుంది. తీసి జేబులో వేసుకోవడమే మేలు. ఉప్పు తుంపర పడ్డ అద్దాన్ని మాత్రం పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి.

పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన సాయంత్రాలు ఆకాశం ఒక్కోసారి రంగులు విరజిమ్ముతుంది. లైకులూ బాగానే వస్తాయి. పడవలు పైకి లాక్కుంటున్న వాళ్ల మధ్య ట్రైపాడ్ పాతడం నాకు చేతకాదు.

అన్నట్టు, నవంబరు నడుమ విశాఖలో ఐదూ ఇరవైకల్లా పొద్దు గుంకుతుంది. ఆఫీసు వదిలాక బయల్దేరదామనుకునేవాళ్లు ఆదివారం చూసుకోవలసిందే.