గట్టు మీద కొబ్బరి వల

ఈ వారం అంబాజీపేట దాటాక ఓ మురుగు కాలువ గట్టు మీద కొబ్బరి పీచు వల పరిచి, వెదురు మేకులు దిగగొడుతుంటే చూశాను. ప్రాణం లేచొచ్చింది. గట్టు జారితే సిమెంటు గోడే కట్టాలన్న పట్టుదల మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోట్లాడానో పాత పాఠకులకు తెలుసు. దారి పొడవునా కొబ్బరి డొక్కలు గుట్టలు పడే సీమలో ఆ పీచే గట్టును కాయడం కన్నా సబబేముంది?

"రెండు మూడేళ్లకి కుళ్లిపోద్దండీ" అన్నాడు మేకులు కొడుతున్నాయన, కాస్త నొచ్చుకుంటూ.

కుళ్లాలనే కదండీ పరిచేది! లిగ్నిన్ ఎక్కువ కాబట్టి జనపనార కంటే కొబ్బరి పీచు తడిలో ఎక్కువ కాలం ఆగుతుంది. అన్నాళ్లూ వాన దెబ్బ నేరుగా మట్టికి తగలనివ్వదు, గింజను కొట్టుకుపోనివ్వదు. అది మట్టిలో కలిసేనాటికి గడ్డి వేళ్లు ఆ పని అందుకుంటాయి. కేరళలో ఉపాధి హామీ కూలీలు వాగుల గట్లకు ఇదే పరుస్తున్నారు.

మా తాతయ్యకు ఈ వల తెలియదు, వావిలి తెలుసు. తొలకరి పడగానే ముదురు కొమ్మలు నరికించి గట్టులోకి ఏటవాలుగా గుచ్చేవాడు. మొదలు లోపలికి, చివర బయటికి. మేం పిల్లలం తలకిందులుగా గుచ్చితే పీకి మళ్లీ మా చేతికే ఇచ్చేవాడు. మూడొంతులు మట్టిలో ఉండాలి, పైకి రెండు కణుపులు కనబడితే చాలు. పశువులు వావిలిని పెద్దగా ముట్టవు గనుక కాపలా అక్కర్లేదు. వట్టివేరు కూడా నాటించాడు. దాని వేళ్లు నిలువునా రెండు మూడు మీటర్లు దిగుతాయి. తడికల కోసం వాటిని తవ్వడానికొచ్చిన వాళ్లని మాత్రం గట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. వేరు తవ్వితే గట్టు గుల్లవుతుందని ఆయన పోరు.

ఆ వావిలి వాసన గుర్తొచ్చి వంపు దాకా నడిచాను. అక్కడ వల అడుగంచు గాల్లో వేలాడుతోంది. వంపు బయటి వైపు నీటి ఉరవడి ఎక్కువ. గట్టు పాదాన్ని అప్పుడే తొలిచేసింది. పాదం పోయాక పైన పీచు పరిచినా, వావిలి గుచ్చినా మట్టితో పాటే కూలుతాయి. తాతయ్య వంపు దగ్గర ముందు తాటి మొద్దులు అడ్డం వేయించి, వాటి వెనకే కొమ్మలు గుచ్చేవాడు. ఇక్కడి ఉరవడికి మొద్దులూ చాలవు.

రాయి కావాలి. కోనసీమలో రాయి దొరకదు, లారీల మీద రావాలి. అయినా రప్పించమని ఇన్నాళ్లూ గోడలొద్దన్న నేనే అడుగుతున్నాను. వంపు పొడవునా, మామూలు నీటిమట్టం దాకా చాలు. సిమెంటు పూయకుండా పేర్చి, సందుల్లో వావిలి గుచ్చాలి. ఆ పైనే వల. వేసవిలో నీరు తగ్గినప్పుడే రాయి దిగాలి, తొలకరికి కొమ్మలు సిద్ధంగా ఉండాలి.