కాగితాల కాపరులు

వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ హైమెండార్ఫ్ 1940ల మొదట్లో పాపికొండల్లో కొండరెడ్లనే గిరిజనుల మధ్య తిరిగాడు. వాళ్ల పోడు, పెళ్లిళ్లు, పండగల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన కాగితాలు, ఫొటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. పుస్తకానికి పేరొచ్చింది. కాగితాలను కాపాడే ఆర్కైవిస్టుల పేరు ఎవరికీ తెలియదు.

ఎంత ఓపిక పని! తుప్పుపట్టిన గుండుసూదిని కాగితం చిరగకుండా తీయాలి. నెగెటివ్‌ను అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తాలి. ఆమ్లం లేని అట్టల్లో పెట్టి, నంబరు పెన్సిలుతోనే వేయాలి. అన్నిటికన్నా కష్టం, సర్దేయాలన్న ఉబలాటాన్ని అణచుకోవడం. రాసినవాడు ఏ ఉత్తరం పక్కన ఏ ఫొటో దాచుకున్నాడో ఆ వరుస చెదరకూడదు, అదీ సమాచారమే. ఇక జాబితాలో ఊరి పేరు తప్పుపడితే ఆ ఫొటో ఉన్నా లేనట్టే.

పోలవరం ప్రాజెక్టు ముంపులో కొండరెడ్ల ఊళ్లెన్నో పోతున్నాయి. తాతల ఊరు చూడాలనుకునే పిల్లకు ఆ ఫొటోల పెట్టె తెరిచి చూపగలిగేది ఈ ఆర్కైవిస్టులే. అరకు గిరిజన మ్యూజియంలోనూ ఇలాంటి చేతులకు మంచి జీతమిచ్చి పని అప్పగించాలి.