రిసీవరు వెనుక పక్క చూడండి

పాత స్టీరియో రిసీవరును ముందునుంచి చూసి మెచ్చుకోనివాళ్లు ఉండరు. మందపాటి అల్యూమినియం పలక, వేలితో ఒక్క తోపు తోస్తే స్టేషన్ల మీదుగా సాగిపోయే బరువైన ట్యూనింగు చక్రం, చీకటి గదిలో నీలంగా వెలిగే డయలు. మరాంట్జ్ 2270 డయలును ఒకసారి చూసినవాడు మరిచిపోడు. 1978లో పయనీర్ వాళ్లు ఎస్‌ఎక్స్-1980 తెచ్చినప్పుడు, ఒక్కో చానెల్‌కు 270 వాట్లని విని లోకం నోరెళ్లబెట్టింది. నా ఓటు మాత్రం ఎప్పటికీ సాన్సుయికే. వీణ మీద గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అందులో వినిపించినంత స్పష్టంగా నాకు మరెందులోనూ వినిపించలేదు. అయితే ఇవన్నీ ముందు వైపు వైభవాలు. పెట్టెను తిప్పి వెనుక చూడమంటాను నేను.

ఫోనో, ఆక్స్, టేప్ ప్లే, టేప్ రెక్, ఆ పక్కన ఎర్తు వైరు బిగించే చిన్న స్క్రూ. ట్యూనరు ఎలాగూ లోపలే ఉంటుంది. ఈ కాసిని రంధ్రాల్లోకే రికార్డు ప్లేయరు, క్యాసెట్ డెక్కు, సీడీ, టీవీ, సెల్‌ఫోను అన్నీ వచ్చి చేరాలి. దేని గొంతూ చెడకుండా అన్నిటినీ పలికించడం ఒక విద్య. అనంతపురంలో రేడియో రిపేరు బల్లల దగ్గర కూర్చుని, పుస్తకం ముట్టకుండానే ఆ విద్యను చేత్తోనూ చెవితోనూ నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పనితనాన్ని ఎంత పొగిడినా నాకు తనివి తీరదు.

ఈ పెట్టెలు మా సీమకు ఎలా వచ్చాయంటే, కొంత కలకత్తా సోనోడైన్, ఫిలిప్స్ లాంటి, స్వదేశంలో తయారైన సరుకు, కొంత కువైట్ సరుకు. 1991కి ముందు విదేశీ సామాను దిగుమతి మీద ఉన్న ఆంక్షలు, సుంకాలు తెలిసినవే. కడప, రాయచోటి, కదిరి వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవుకు వస్తూ తెచ్చినవే చాలావరకు చేతులు మారి మిగిలాయి. గల్ఫ్ మోడళ్లలో చాలావాటికి వెనుక ఓల్టేజీ మార్చే స్విచ్చు ఉంటుంది. నేరుగా జపాన్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాటికి 100, 120 ఓల్టులే కావాలి. చూసుకోకుండా మన 230లో పెడితే ఆ పూటతో దాని కథ ముగిసినట్టే.

ఇక అసలు విద్యకు వస్తాను. అన్ని రంధ్రాలూ ఒకటి కావు, అదే మొదటి పాఠం. రికార్డు మీద ముల్లు కదిలితే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు గట్టిగా పలికితే 2 ఓల్టుల దాకా ఇస్తుంది. నాలుగు వందల రెట్ల తేడా! అంతే కాదు, రికార్డు కోసేటప్పుడు గాడులు పక్కగాడుల్లోకి పొర్లకుండా మంద్రాన్ని తగ్గించి, రొద కింద మరుగున పడకుండా పైస్వరాలను పెంచి కోస్తారు. 1954 నుంచి ఆర్‌ఐఏఏ లెక్క ప్రకారం ఈ పెంపు తగ్గింపులు సాగుతున్నాయి. ఆ లెక్కను తిరగేసి, సన్నని ధ్వనిని వంద రెట్లు పెంచి, రికార్డులో పాడినవాడి గొంతును మళ్లీ నిలబెట్టేది ఫోనో సర్క్యూటు. అందులో సీడీ పిన్ను గుచ్చితే చీలిన రొద తప్ప పాట రాదు. ఆక్స్‌లో రికార్డు ప్లేయరును పెడితే దోమ పాడినంత కూడా వినపడదు. పాత సెరామిక్ కార్ట్రిడ్జ్ అయితే కథ వేరు. అది కొన్ని వందల మిల్లీవోల్టులు ఇస్తుంది కనుక ఆక్స్‌లోనే పెట్టాలి. అయితే దానికి మెగా ఓమ్ దరిదాపు ఇన్‌పుట్ కావాలి. మామూలు ఆక్స్‌లో పెడితే మంద్రం పలచబడుతుంది. ఈ తేడాను చూపుతోనే పసిగట్టిన మెకానిక్కులను ఎరుగుదును. టోన్ఆర్మ్ తలను ఇటూ అటూ తిప్పి చూసి, మీటరు తీయకుండానే ఏ రంధ్రమో చెప్పేస్తారు.

ఫోనో దాటితే నాకు అత్యంత ప్రియమైనది టేప్ మానిటర్. ఎంచుకున్న పాట టేప్ రెక్ గుండా బయటికి వెళ్లి, టేప్ ప్లే గుండా తిరిగొస్తుంది. బటన్ నొక్కితే తిరిగొచ్చిందే వినపడుతుంది, వదిలితే నేరుగా వస్తుంది. రికార్డింగు ఎలా పడుతోందో ఎప్పటికప్పుడు విని చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. క్యాసెట్ డెక్కు లేని ఇంట్లో ఆ టేప్ ప్లే మొత్తం ఖాళీగా పడి ఉంటుంది. అది ఆక్స్‌కు సమానమైన రంధ్రం! ఈక్వలైజరు కావాలన్నా, టీవీ కావాలన్నా అక్కడ పెట్టుకోవచ్చు. బటన్ నొక్కి మరిచిపోయి రేడియో పోయిందని పెట్టెను మోసుకొచ్చేవాళ్లకు, ఒక్క నొక్కుతో "ఇదిగోండన్నా, బాగైంది" అని రూపాయి తీసుకోకుండా పంపిన పెద్దాయన మా ఊళ్లో ఉన్నాడు.

రంధ్రాలు చాలకపోతే? ఇక్కడే అందరూ చేసే తప్పు. రెండు సామాన్ల పిన్నులను వై-వైరుతో ఒక్కటి చేసి ఆక్స్‌లో దూర్చేస్తారు. రెండు బోర్ల నీళ్లను ఒక్క పైపులోకి కలిపితే బలమైన మోటారు నీరు బలహీనమైన బోరులోకే దిగినట్టు, ఒక సామాను ధ్వని మరొకదాని అవుట్‌పుట్‌లోకి పోతుంది. పాట పలచబడుతుంది, చీలిపోతుంది. పద్ధతి తెలిసినవాడు సెలెక్టరు డబ్బా కడతాడు. కుడి ఎడమలకు చెరొకటిగా, కలిసి తిరిగే రెండు పోళ్ల రోటరీ స్విచ్చు, ఇనుప డబ్బా, షీల్డు వైరు, పిన్నుల సాకెట్లు, అంతే. కరెంటు అక్కర్లేదు. ధ్వనిలో కలిపేదీ తీసేదీ ఏమీ లేదు. సీడీ గొంతు మరీ పెద్దదైతే, లైనులో వరుసగా 10 కిలో ఓమ్, నేలకు 4.7 కిలో ఓమ్ పెడితే మూడోవంతుకు దిగుతుంది. అప్పుడు వాల్యూమ్ నాబును పావు తిప్పు దాకానైనా నడిపించే వీలుంటుంది.

ఐదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్లున్న ఫిలిప్స్‌ల దగ్గర ఇంకో చిక్కు. 3, 5 పిన్నులు వినిపించేవి, 1, 4 రికార్డుకు పంపేవి, 2 నేల. తిరగబడితే ఏమీ కాలిపోదు గానీ పూటంతా వెతుక్కోవాలి. ఇక ఇవాళ చాలా టీవీల్లో ధ్వనిని ఆప్టికల్ అవుట్ నుంచే తీసుకోవాల్సి వస్తుంది. మధ్యలో డిజిటల్‌ను మామూలు ధ్వనిగా మార్చే చిన్న డబ్బా పెట్టి, టీవీ సెట్టింగులో పీసీఎం ఎంచుకోవాలి. డాల్బీలో ఉంచితే ఆ చిన్న డబ్బాల్లో చాలావాటికి అది అర్థం కాక మౌనంగా కూర్చుంటాయి.

అందరి ఓపికనూ పరీక్షించేది గుంయ్‌మనే మోత. దాన్ని విని కారణం చెప్పడమే ఈ విద్యలో శిఖరం. మోత 50 హెర్ట్జ్‌దైతే ఎర్తు దోషం, వైరు తెగడం, లేదా రెండు దారుల్లో నేల కలవడం. 100 హెర్ట్జ్‌దైతే, అంటే సరిగ్గా పై స్థాయిలో కరకరలాడితే, లోపల పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటరు ఎండిందని అర్థం. ఈ రెంటినీ గుమ్మంలో నిలబడే చెప్పగలిగినవాణ్ని సంగీత విద్వాంసుడి పక్కన కూర్చోబెట్టాలి! కేబుల్ టీవీ తీగ పీకగానే మోత ఆగితే దొంగ దొరికినట్టే. ప్లేయరు నుంచి వచ్చే సన్న ఎర్తు వైరును ఆ చిన్న స్క్రూకు బిగించడం మరిస్తే, అది వేరే దొంగ.

మా కరువు సీమలో ఈ పెట్టెలకు ఇంకొందరు శత్రువులు. ఆషాఢం గాలికి రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగినప్పుడల్లా ఎర్రమట్టి దుమ్ము సెలెక్టరు స్విచ్చుల్లోకి, వాల్యూమ్ కంట్రోళ్లలోకి చేరుతుంది. ఒక చానెల్ పోవడం, నాబు తిప్పితే గరగరమనడం చాలాసార్లు దీనివల్లే. కంటాక్ట్ క్లీనరు కొట్టి స్విచ్చును ఇటూ అటూ పదిసార్లు తిప్పితే పెట్టెకు ప్రాణం వస్తుంది. కొబ్బరినూనె, కిరోసిన్ పోసేవాళ్లు మాత్రం పాపం మూటగట్టుకుంటున్నారు. పొడి గాలిలో రికార్డులకు విద్యుదావేశం పట్టి చిటపటలూ ఎక్కువే. ఇక పల్లెల్లో బోరు మోటార్లు ఆడే వేళ ఓల్టేజీ కుంగితే, డయలు దీపమే ముందు చెబుతుంది.

ఇంత విద్యను ఇప్పుడేం చేస్తున్నారు? ఎంతో చక్కని పాత సోనోడైన్ పెట్టెలోంచి బోర్డును ఊడబెరికి, ఆన్‌లైన్‌లో వచ్చే బ్లూటూత్ బోర్డును అడ్డంగా బిగించి, వాటేజీ వందల్లో ఉందని ముందు స్టిక్కరు అంటించి అమ్ముతున్నారు. సెలెక్టరు నాబు తిరుగుతుంది, దేన్నీ మార్చదు! కొనేవాడికి చెవి లేదా? అమ్మేవాడికి సిగ్గు లేదా? ఇత్తడి గొట్టం తగిలించిన కొత్త నకిలీ గ్రామఫోన్లు ఇంకా అన్యాయం. వాటి బరువైన తలకింద ఒక్కసారి పెడితే ఎన్నో ఏళ్లు జాగ్రత్తగా దాచిన రికార్డు గాడి నలిగిపోతుంది. హాల్లో అలంకారానికి పెట్టుకునేవాళ్లు పెట్టుకోండి, రికార్డు మాత్రం మోపకండి, దండం పెడతాను. పెద్ద నగరాల్లో షోరూములు పెట్టినవాళ్లు ఇదంతా పాతచెత్త అంటారు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో దొరికే చిన్న స్విచ్చుతో మా మెకానిక్కు కట్టిన డబ్బాను వాళ్ల ఖరీదైన సరుకు పక్కన పెట్టి వినిపించమనండి, నేను వాదించను.

పాత మెకానిక్కుల బల్లలు ఒక్కొక్కటే సెల్‌ఫోన్ కవర్ల దుకాణాలుగా మారుతున్నాయి. పిల్లలు పట్టుకోని పని కనుక వాళ్లూ నేర్పడం మానేశారు. అనంతపురంలో ఐటీఐ, పాలిటెక్నిక్ ఉన్నాయి, 1946లో మొదలైన ఇంజినీరింగు కళాశాల ఉంది. అక్కడి ఎలక్ట్రానిక్స్ పిల్లల ముందు వారానికో మధ్యాహ్నం ఈ మెకానిక్కుల్లో ఒకరిని కూర్చోబెట్టండి. ఒక పాత రిసీవరు, ఒక మంచి సాల్డరింగు ఐరన్, ఒక మోత. ఆ మోత ఎక్కడిదో పిల్లలే విని చెప్పేదాకా ఆయన్ను నోరు విప్పనివ్వకండి. ఖర్చుకు వెనకాడితే ఆయన దారిఖర్చు, టీ ఖర్చు నేను పెట్టుకుంటాను.