ఖంగుమనని బిళ్ల

ఈ దసరాకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల వెల్డింగ్ షాపుల్లో గ్రైండర్లకు పసుపు కుంకుమలు పెట్టి పూజించారు. అయితే బొట్టు పెట్టించుకున్న ఆ యంత్రాల్లో కొన్నింటికి గార్డు, అంటే తిరిగే చక్రాన్ని సగం కప్పి ఉంచే ఇనుప తొడుగు, లేకపోవడం బాధాకరం.

పనితనం గురువు పక్కన నిలబడితేనే వస్తుందని, కాగితం మీది పాఠం చేతికి ఎక్కదని ఈ శీర్షిక పలుమార్లు చెప్పింది. అందుకు సానరాయి మంచి సాక్ష్యం. బల్లకు బిగించే గ్రైండర్ రాయిని, అంటే రాపిడి గింజలను మట్టితో కలిపి కాల్చిన చక్రాన్ని, బిగించే ముందు మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు, బొంగురు పలికితే లోపల పగులున్నట్టు. వేసవి సంతలో కుండ కొనే ఇల్లాలు కూడా కుండను ఎడమ అరచేతిలో నిలిపి, వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, చెవి ఒగ్గి వింటుంది. రెండింటినీ నిలబెట్టేది కాలిన మట్టే కనుక రెండింటి పగులునూ ఒకే చెవి పట్టగలదు. రాయికీ, ఇనుమును ఆనించే రెస్టుకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించరాదన్నదీ, కొత్త రాయిని పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పి చూడాలన్నదీ మేస్త్రి ఒకసారి చూపిస్తే జీవితాంతం గుర్తుండే సంగతులే.

అయితే ఇవాళ గేట్లు, గ్రిల్లులు, ట్రాలీల పనిలో చేతిలో ఉండేది యాంగిల్ గ్రైండర్. దాని కటింగ్ వీల్ రెసిన్ అనే జిగురుతో, నార వలతో చేసిన పల్చటి బిళ్ల కనుక, తడితే ఖంగుమనదు, చెవికి ఏ తీర్పూ చెప్పదు. 100 మిల్లీమీటర్ల బిళ్ల నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. విరిగిన ముక్క కంటిరెప్ప వాలేలోపే ముఖాన్ని చేరుతుంది. దాని మంచిచెడ్డలు తెలిపేవి అచ్చక్షరాలే: గరిష్ఠ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తట్టుకోగల చుట్ల సంఖ్య, మధ్యలోని లోహపు రింగు మీది గడువు తేదీ. యంత్రం వేగం కంటే ఆ అంకె తక్కువైతే బిళ్లను బిగించరాదు. పెద్ద బిళ్ల పట్టించడానికి గార్డు తీయడం అసలే కూడదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ కంటి రక్షణను ప్రస్తావించినా, విద్యుత్తు వాడేచోట కనీసం పదిమంది పనివారుండాలన్న మూల నిర్వచనం వల్ల ఇద్దరు ముగ్గురుండే షాపులు దాని నీడకు వెలుపలే ఉండిపోయాయి. కాబట్టి చేతివిద్య ఒక్కటే చాలదని, దానికి చదువు తోడు కావాలని ఈ శీర్షిక ఒప్పుకోవలసి వస్తున్నది. సంస్థానాధీశుల భవనంలో వెలసిన వనపర్తి పాలిటెక్నిక్, ఈ జిల్లాల ఐటీఐలు మేస్త్రులకు ఒక్కపూట శిక్షణ ఇచ్చినా మేలు జరుగుతుంది. అంతవరకు మేస్త్రులే ఆ పని చేయాలి: గార్డు బిగించి, కళ్లద్దాలు పెట్టించి, బిళ్ల మీది అంకెనూ తేదీనీ పనినేర్చే కుర్రవాడి చేతనే పైకి చదివించి, ఆ తరువాతే స్విచ్ వేయనివ్వండి.