రెండుసార్లు కాలిన రొట్టె

పంతొమ్మిదేళ్లు అండమాన్‌లోని హడ్డో రేవులో ఓడల సరుకు లెక్కలు రాశాను. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి దిగే మైదా బస్తాలు ఆ పద్దుల్లో ఒక వరుస, అంతే. ఇప్పుడు ఆ బస్తా కోసమే ఓడ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను. ఈ దీవుల్లో గోధుమ పండదు. సముద్రం పోటెత్తి ఓడ ఆగితే నా పొయ్యీ ఆగుతుంది.

ఉద్యోగం మానేసి బేకరీ పెట్టినప్పుడు మనసంతా కేకుల మీదే. హైదరాబాదులో నేర్చుకొచ్చిన కొలతలు ఇక్కడ చెల్లలేదు. అక్కడ గంటన్నరకు పొంగే బ్రెడ్డు పిండి ఇక్కడ ముప్పావుగంటకే పొంగి, పులిసి, పొయ్యిలో పెట్టగానే చతికిలబడేది. ఈస్టు తగ్గించాను, ఐసు నీళ్లతో కలిపాను, పని తెల్లవారుజాము మూడింటికి మార్చాను. రేవు రోజుల అలవాటుతో ప్రతి వాయికీ వేళ, ఉక్క, ఈస్టు తూకం పుస్తకంలో రాసుకున్నాను. పొంగు దారికొచ్చింది. బిస్కెట్లు మాత్రం పొద్దున కరకరలాడి సాయంత్రానికి మెత్తబడేవి.

జంగ్లీఘాట్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, శ్రీకాకుళం వైపు మత్స్యకారుడు. "ఈ కేకులు మాకేటి పనికొస్తాయి బాబూ, పడవలోకి రస్కులు సెయ్యి" అన్నాడు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగే. నా కొట్టుకొచ్చేది ఎక్కువగా వాళ్లే. అయినా రస్కుల మాట నాకు అంతకుముందు తట్టలేదు.

రస్కు తొందరపడేవాడికి లొంగదు. కాల్చిన బ్రెడ్డు ఒక రాత్రి ఆరాలి. వేడిమీద కోస్తే పొడిపొడి అవుతుంది. ముక్కల్ని పళ్లెంలో పరిచి, సన్నని సెగ మీద నీరంతా పోయేదాకా ఉంచాలి. విరిస్తే అంచూ నడుమా ఒకే రంగులో కనబడాలి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే తన ఆవిరికి తానే మెత్తబడుతుంది.

బిస్కెట్ అనే మాటకి లాటిన్ మూలంలో అర్థం రెండుసార్లు కాల్చినదని. నెలల తరబడి సముద్రం మీదుండే నావికులు అలాంటి రొట్టెనే వెంట తీసుకెళ్లేవారు. ఎదురుగా రాస్ దీవిలో బ్రిటిషువాళ్ల బేకరీ గోడలున్నాయి. 2018లో ఆ దీవికి నేతాజీ పేరు పెట్టారు. అక్కడి గోడల్ని పెనవేసుకున్న చెట్ల వేళ్ల దగ్గర నిలబడ్డప్పుడల్లా, ఈ ఉక్కలో ఆ పొయ్యి ముందు పిండి పిసికిన చేతులు ఎవరివో అనుకుంటాను.

ఈ వారం ఓడ రెండు రోజులు ఆలస్యం. మిగిలింది బస్తాన్నర. కేకులకు ఒక్క కిలో కూడా తీయలేదు. జంగ్లీఘాట్ పడవలు రేపు తెల్లారకముందే బయల్దేరతాయి.