కడలి సవ్వడి

రేడియోకు ఆకాశవాణి అని పేరు పెట్టినవారు గడుసువారే! ఆకాశం నుంచి మాట వస్తుంది, మనం వింటాం. ఎదురు చెప్పే వీల్లేదు. 1948లో విజయవాడ కేంద్రం మొదలైన దగ్గర్నుంచి మన అమ్మలూ అత్తయ్యలూ కూరలు తరుగుతూ ఎన్ని నాటకాలు, ఎన్ని పాటలు విన్నారో! ఆ ఋణం తీరేది కాదు. కాని వాళ్ళ మాట రేడియో ఎంత విన్నదని అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

అందుకే తమిళనాట రామేశ్వరం దీవిలో ఉన్న పాంబన్ అనే చిన్న రేవు ఊరి రేడియో నాకు ముచ్చటగా తోస్తుంది. పేరు 'కడల్ ఓసై'. అంటే కడలి సవ్వడి. ఇది ఆకాశం నుంచి ఊడిపడింది కాదండీ, బెస్తవారి కోసం ఆ ఒడ్డునే 2016 ఆగస్టు 15న పుట్టింది.

దానికి ముందు పెద్ద కథే నడిచింది. గాలిలో తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు వచ్చింది. 2008లో మన జహీరాబాదు దగ్గర మాచునూరులో దళిత మహిళలే సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు.

పాంబన్‌లో గాలి కబురు కాలక్షేపం కాదు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో పక్కనున్న ధనుష్కోడి ఊరికి ఊరే పోయింది. వందమందికి పైగా ఎక్కిన రైలు అలల పాలయింది. ఇవాళ అలల ఎత్తు ముందే లెక్కగట్టి చెప్పే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఎక్కడ ఉందనుకున్నారు? సముద్రమే లేని మన హైదరాబాదులో! అయితే లెక్క ఒక్కటీ చాలదు. అలలు ఇన్ని మీటర్లని పుస్తక భాషలో చదివితే చెవికెక్కుతుందా? ఎరిగిన గొంతు తమ యాసలో "ఇవాళ వద్దు నాయనా" అంటేనే పడవ ఆగుతుంది. ఊరి రేడియో గొప్పంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

మెచ్చుకోలు అయింది, ఇక నా ఫిర్యాదులు. దీన్ని అందరూ 'మత్స్యకారుల రేడియో' అంటారు. మత్స్యకారుడంటే మగవాడేనా? పాంబన్ పక్క చిన్నపాలం ఆడవాళ్ళు సముద్రంలో మునిగి పాచి ఏరి సంసారాలు ఈదుతున్నారు. అలల కబురు వాళ్ళకూ కావాలి కదా!

రెండోది, ఇలాంటి రేడియోలకు మామూలుగా 100 వాట్లు మించకూడదని నిబంధన. కాస్త దూరం పోయాక గొంతు వినపడదు. ఒడ్డున ఇల్లాలికి హెచ్చరిక వినిపిస్తూనే ఉంటుంది, నడిసంద్రంలో మగడికి అందదు!

మూడోది మరీ విడ్డూరం. ఇవి సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తల్ని ఉన్నవున్నట్టు వినిపించవచ్చు. వాన, పరీక్షలు, నీళ్ళు, కరెంటు కబుర్లు మాత్రం వార్తల కిందికి రావట! సరిహద్దు దాటారని శ్రీలంక నౌకాదళం పట్టుకుపోయే పడవలు ఆ తీరానికి కొత్తకాదు. వాన కబురు చెప్పవచ్చుట, మనిషి కబురు మాత్రం కూడదు. మరి ఆ ఇల్లాలు ఎవర్ని అడగాలి?

వాట్లు పెంచండి, ఊరి వార్త ఊరిని చెప్పుకోనివ్వండి. నేను కోరేది ఈ రెండే. మన రేవుల్లోనూ ఇలాంటి గొంతులు పెరగాలని నా ఆశ. కాకపోతే మైకు ముందు కూర్చునేవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి సుమండీ!